స్విచ్ ఆపినా షాక్ కొట్టిన గీజర్: పాత అపార్ట్‌మెంట్‌లో నా అనుభవం

మా ఇంటి గీజర్ బాగు చేయించుకుందామని మొదలుపెట్టిన పని, చివరికి అపార్ట్‌మెంట్ మొత్తానికి కొత్త ఎర్త్ గుంతలు తవ్వించేదాకా వెళ్లింది. మధ్యలో జరిగినదంతా రాస్తున్నాను. హైదరాబాద్‌లో మాలాంటి పాత అపార్ట్‌మెంట్లు వీధికి నాలుగైనా ఉంటాయి. వాటిలో స్నానాల గదిలోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఈ విషయం తెలియాలి.

మాది నల్లకుంట. 1991లో కట్టిన బిల్డింగ్. నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడేసి చొప్పున పన్నెండు ఫ్లాట్లు. కట్టినప్పుడు ఇంటికో ఫ్యాను, నాలుగు లైట్లు, ఒక ఫ్రిజ్ ఉంటే చాలనుకుని వేసిన వైరింగ్. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గీజర్, ఏసీ, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్ ఉన్నాయి. వైర్లు మాత్రం చాలా ఇళ్లలో అప్పటివే.

కార్తీక మాసం మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున స్నానానికి వెళ్లిన మా అత్తయ్య గట్టిగా అరిచారు. షవర్ నల్లా తిప్పబోతే చెయ్యి జివ్వుమందట. నేను వెళ్లి టెస్టర్ పెట్టి చూస్తే లైటు వెలిగింది. గీజర్ స్విచ్ ఆపేశాను. అయినా వెలుగుతూనే ఉంది. ప్లగ్ పీకేశాక ఆరిపోయింది. అప్పటి నుంచి ఆ గీజర్ జోలికి ఎవరినీ పోనివ్వలేదు. నీళ్లు గ్యాస్ మీద కాచుకున్నాం.

స్విచ్ ఆపినా షాక్ రావడానికి పాత ఇళ్లలో మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (అది తిరిగి పోయే వైరు) తారుమారైతే స్విచ్ న్యూట్రల్‌ని మాత్రమే తెంపుతుంది. ఫేజు గీజర్‌లో నీళ్లు కాచే ఎలిమెంట్‌లో అలాగే నిలబడి ఉంటుంది. ఎలిమెంట్‌కి ఎక్కడైనా పగులు ఉంటే, స్విచ్ ఆపి ఉన్నా నీళ్లలోకి కరెంటు వస్తుంది. ప్లగ్ పీకితే పోతుంది. మా ఇంట్లో కనిపించింది సరిగ్గా ఇదే కాబట్టి తప్పు మా గీజర్‌దే అని అందరూ అన్నారు. గీజర్ కంపెనీ సర్వీస్ నుంచి వచ్చిన అబ్బాయి కూడా అదే అన్నాడు. అతను వచ్చింది మధ్యాహ్నం. ఆ సమయంలో ప్లగ్ పెట్టి స్విచ్ వేసినా టెస్టర్ వెలగలేదు. అయినా మూత విప్పి చూసి, "ఎలిమెంట్ పోయింది, ట్యాంక్ కూడా వీక్ అయింది, కొత్తది తీసుకోండి, ఎక్స్‌చేంజ్‌లో వేస్తాం" అన్నాడు. నాకు ఒక్క విషయం అర్థం కాలేదు. ఎలిమెంట్ పోయుంటే పొద్దున కొట్టిన షాక్ మధ్యాహ్నం ఎందుకు కొట్టలేదు? అడిగితే, "ఒక్కోసారి అంతే మేడమ్" అన్నాడు. ఆ జవాబుతో కొత్త గీజర్ కొనడానికి నాకు మనసొప్పలేదు.

మా వీధి చివర చాలా ఏళ్లుగా పని చేస్తున్న ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నారు. అరవై దాటి ఉంటాయి, అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన నేను చెప్పిందంతా విని, "మధ్యాహ్నం రాను మేడమ్, షాక్ కొట్టే టైముకే వస్తా" అన్నారు. అన్నట్టే పొద్దున ఆరున్నరకల్లా వచ్చారు. ఆయన చేసిన మొదటి పని చూసి ఆశ్చర్యపోయాను. గీజర్‌ని అసలు ముట్టుకోలేదు. ప్లగ్ పీకి పక్కన పెట్టి, గోడకున్న సాకెట్‌లో మల్టీమీటర్ వైర్లు పెట్టారు. ఒకటి న్యూట్రల్ రంధ్రంలో, రెండోది పైనుండే పెద్ద రంధ్రంలో, అంటే ఎర్త్‌లో. మామూలుగా అక్కడ రెండు మూడు వోల్టులకు మించి ఉండకూడదు. మీటర్ 90 చూపించింది.

"కరెంటు మీ గీజర్లోంచి రావట్లేదు మేడమ్, గీజర్లోకి వస్తోంది" అన్నారు.

ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు కొంత టైం పట్టింది. గీజర్ బాడీకి, ట్యాంకుకి ఎర్త్ వైరు కలిపి ఉంటుంది. లోపల ఎక్కడైనా లీకైతే ఆ కరెంటు మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికే ఆ ఏర్పాటు. మా బిల్డింగ్‌లో పన్నెండు ఫ్లాట్ల ఎర్త్ వైర్లూ కింద మీటర్ల గదిలో ఒకే పట్టీకి కలుస్తాయి. అక్కడి నుంచి ఒక జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగ, ఎర్త్ గుంతలోకి పోతుంది. ఆ తీగ బాగున్నంత కాలం ఏ ఇంట్లో లీకైనా భూమిలోకి పోతుంది. ఆ తీగ తెగిపోతే ఏ ఒక్క ఇంట్లో లీకైనా ఆ కరెంటు ఎర్త్ పట్టీ మీదుగా మిగతా పదకొండు ఇళ్ల గీజర్లకీ, ఫ్రిజ్‌లకీ, వాషింగ్ మెషీన్లకీ చేరుతుంది. స్విచ్ ఆపితే ఫేజు తెగుతుంది కానీ ఎర్త్ తెగదు. ప్లగ్ పీకితే ఎర్త్ కూడా తెగుతుంది. ఇంతకుముందు మాకు కనిపించిన లక్షణం ఇందుకు కూడా సరిపోతుంది. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే లక్షణం. సాకెట్ దగ్గర కొలవకుండా తేడా తెలిసే దారి లేదు.

ఆయన వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ బాడీ దగ్గర, బాల్కనీలో వాషింగ్ మెషీన్ దగ్గర కూడా కొలిచారు. రెండు చోట్లా అదే 90. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంటోందని అత్తయ్య కొన్నాళ్లుగా అంటూనే ఉన్నారు. వయసు వల్ల అనుకున్నారు ఆవిడ. మామూలు పొడి చోట్ల మనిషి తాకే లోహం మీద 50 వోల్టులు దాటితే ప్రమాదమని లెక్క. తడి నేల, తడి ఒళ్లు ఉన్న స్నానాల గదిలో ఆ హద్దు ఇంకా తక్కువ. అలాంటిది మా ఇంట్లో 90 ఉంది.

తర్వాత ఆయన ఇంకో కొలత తీసుకున్నారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. మా ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంది. సరే. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 280 దాటింది. లీకవుతున్న ఇల్లు మా ఫేజు మీదే ఉంటే ఈ అంకె 230 కన్నా తగ్గాలి. పెరిగిందంటే ఎర్త్‌ని ఇంకో ఫేజు తన వైపు లాగుతోందన్నమాట. మా బిల్డింగ్‌కి త్రీ ఫేజ్ సర్వీస్, అంటే కరెంటు మూడు వేర్వేరు ఫేజు వైర్లలో వస్తుంది, ఫేజుకి నాలుగు ఫ్లాట్లు. "మీతో పాటు మీ ఫేజు మీదున్న ఇంకో మూడు ఇళ్లు పక్కన పెట్టేయొచ్చు. మిగతా ఎనిమిదింటిలో ఒకటి" అన్నారు. గీజర్ మూత విప్పకుండానే, మా ఇల్లు దాటకుండానే వెతకాల్సిన ఇళ్లలో మూడో వంతు తగ్గించేశారు.

ఇక్కడి నుంచి అసలు కష్టం మొదలైంది. ఎనిమిది ఇళ్లకు ఒక్కొక్కటిగా కరెంటు తీసి చూడాలి. అదీ పొద్దున అందరి గీజర్లు నడిచే టైములోనే చూడాలి. అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గరికి వెళ్తే, "మీ గీజర్ మీరు బాగు చేయించుకోండమ్మా, స్కూళ్లు ఆఫీసుల టైములో అందరినీ ఎందుకు కదపడం" అన్నారు. నేను వాదించలేదు. మీటర్ పట్టుకుని ఎలక్ట్రీషియన్ అన్నని నేరుగా వాళ్లింటికే తీసుకెళ్లాను. వాళ్ల ఫ్రిజ్ మీద కూడా 90 చూపించాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. చొక్కా తగిలించుకుని మాతో పాటు కిందికి వచ్చారు.

మీటర్ల గది మెట్ల కింద ఉంటుంది. పక్కనే వాచ్‌మన్ సామాన్లు, పాత సైకిళ్లు. అవన్నీ జరిపితే కానీ ఎర్త్ పట్టీ కనిపించలేదు. డిపార్ట్‌మెంట్ సీలు వేసిన మీటర్లను, వాటికి వచ్చే సర్వీస్ వైర్లను ముట్టుకోకూడదు. అక్కడ ఏదైనా తేడా ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని పిలవాల్సిందే. మీటర్ దాటాక ఉన్న కటౌట్లు (ఫ్యూజులు పెట్టే చోట్లు) మాత్రం మావి. అన్న ఎర్త్ పట్టీకీ న్యూట్రల్‌కీ మధ్య మీటర్ తగిలించి, నన్ను అంకె చదవమని, ఒక్కో పింగాణీ ఫ్యూజు పీకుతూ పోయారు. పైనుంచి "కరెంటు పోయింది" అని ఒక్కో ఇంటి నుంచి కేకలు. సెక్రటరీ గారు మెట్ల దగ్గర నిలబడి, "రెండు నిమిషాలు, రెండు నిమిషాలు" అని అందరికీ సర్దిచెబుతూనే ఉన్నారు. మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ ఫ్యూజు పీకగానే 90 కాస్తా నాలుగుకి పడిపోయింది. మళ్లీ పెడితే 90. మళ్లీ తీస్తే నాలుగు.

ఆ ఫ్లాట్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటున్న పిల్లలు అద్దెకుంటున్నారు. పొద్దున్నే స్నానాలు చేసి చిక్కడపల్లి లైబ్రరీకి పోతే రాత్రికి కానీ రారు. మధ్యాహ్నం పూట షాక్ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. వాళ్ల గీజర్ నడిస్తేనే మా నల్లాకి కరెంటు. వెళ్లి అడిగితే, "అవును ఆంటీ, మాక్కూడా కొడుతుంది. చెప్పులేసుకుని స్నానం చేస్తున్నాం" అన్నారు. వింటుంటే నా గుండె జారిపోయింది. ఓనర్‌కి చెప్పలేదా అంటే చెప్పారట. వేడి నీళ్లు వస్తున్నాయి కదా అన్నారట ఆయన.

నీళ్లు బాగానే కాగుతాయి. మోసమంతా అక్కడే ఉంది. గీజర్ ఎలిమెంట్ అంటే ఒక లోహపు గొట్టం. దాని మధ్యలో కాయిల్, కాయిల్ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటుని ఆపుతుంది. గొట్టానికి సన్నటి పగులు పడితే నీరు ఆ పొడిలోకి దిగుతుంది, తడిసిన పొడి కరెంటుని ఆపలేదు. కాయిల్ మాత్రం తెగలేదు కాబట్టి నీళ్లు ఎప్పటిలాగే కాగుతాయి. వేడి నీళ్లు వస్తున్నాయంటే గీజర్ బాగుందని మనం అనుకుంటాం. బయటికి తీశాక ఆ ఎలిమెంట్‌ని చూశాను. తెల్లటి ఉప్పు గట్టిగా పేరుకుపోయి గొట్టం ఎక్కడుందో కనిపించనే లేదు. వంపు దగ్గర ఉప్పు పెచ్చు ఊడదీస్తే కింద గొట్టం ఉబ్బి, గోధుమ రంగు మరకతో నిలువుగా చీలి ఉంది. మీటర్ ఒక కొన ఎలిమెంట్‌కి వైర్లు బిగించే కాళ్ల మీద, ఇంకోటి గొట్టం మీద పెట్టి కొలిస్తే కొన్ని వందల ఓమ్‌లే వచ్చాయి. బాగున్న ఎలిమెంట్‌కి మెగాఓమ్‌లలో రావాలి.

అలా ఎందుకైందంటే, మా నీళ్లు. సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు కలుస్తాయి. ఎండాకాలం వస్తే దాదాపు అంతా బోరే. పరీక్ష చేయిస్తే హార్డ్‌నెస్ లీటరుకి 700 మిల్లీగ్రాములు దాటింది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో 200 దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. అలాంటి నీళ్లు కాగినప్పుడల్లా అందులోని కాల్షియం ఎలిమెంట్ మీద పొరలు కడుతుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు. లోపల గొట్టం మితిమీరి కాలి కాలి చివరికి పగులుతుంది. వేడి ఎంత ఎక్కువ పెడితే ఉప్పు అంత త్వరగా పేరుకుంటుంది. ఆ పిల్లల గీజర్‌లో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ చివరిదాకా తిప్పి ఉంది. స్నానానికి 50, 55 డిగ్రీలు చాలు.

సరే, లీకయ్యే ఇల్లు దొరికింది. ఎలిమెంట్ మార్చేస్తే షాక్ ఆగిపోతుంది. చాలామంది అంతటితో వదిలేద్దామన్నారు. అన్న ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో ఎలిమెంట్ పగిలితే మళ్లీ ఇదే. ఎర్త్ బాగుంటే లీకైన కరెంటు భూమిలోకి పోవాలి కదా, పైకెందుకు వచ్చింది? గుంత ఎక్కడుందో చూడాలి.

గుంత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కొన్నేళ్ల కింద పార్కింగ్‌లో టైల్స్ వేసినప్పుడు దాని మీద కూడా వేసేశారు. మొదటి నుంచీ ఉన్న ఒక పెద్దాయన, సంపు పక్కన గోడవారగా ఉండేదని, ఎండాకాలంలో వాచ్‌మన్ రోజూ దాంట్లో బకెట్ నీళ్లు పోసేవాడని గుర్తు చేసుకున్నారు. అక్కడ రెండు టైల్స్ లేపితే దొరికింది. తీగని పట్టుకుని అన్న కొంచెం లాగారు. అప్పడంలా పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది. పైపుకి బిగించిన క్లాంప్ మొత్తం తుప్పు. గుంతలో మట్టి ఎండిపోయి బూడిదలా ఉంది.

మరి ఇన్నేళ్లూ ఎవరికీ షాక్ ఎందుకు కొట్టలేదు అని సెక్రటరీ గారు అడిగారు. మంచి ప్రశ్న. దానికి అన్న చెప్పిన జవాబు నాకు అంతకుముందు తట్టనే తట్టలేదు. మా బిల్డింగ్‌లో నీళ్ల పైపులన్నీ మొదట ఇనుపవే, జీఐవి. గీజర్ ట్యాంకు నుంచి ఆ పైపుల మీదుగా లీకైన కరెంటు కిందికి దిగి, భూమిలో ఉన్న పైపు ద్వారా మట్టిలో కలిసిపోయేది. ఎర్త్ తీగ ఎప్పుడో పోయినా ఆ పని పైపులు చేస్తూ వచ్చాయి. కిందటి ఏడాది తుప్పు నీళ్లు వస్తున్నాయని సంపు నుంచి పైదాకా మెయిన్ లైన్లు తీసేసి సీపీవీసీ వేయించాం. ప్లాస్టిక్ కరెంటుని పోనివ్వదు. ఇళ్లలో గోడల్లోపల మిగిలిన ఇనుప ముక్కలు, షవర్ నల్లాలు అలాగే ఉన్నాయి. భూమికి దారి మూసుకుపోయింది. పాత బిల్డింగ్‌లో పైపులు మార్పించేవాళ్లు అదే పనిలో ఎర్తింగ్ కూడా కొలిపించుకోవాలని నేను అందరికీ చెబుతున్నాను. ప్లంబర్ ఈ మాట చెప్పడు, అతని పని అది కాదు.

ఇంకో విచిత్రం బయటపడింది. రెండో అంతస్తులో ఒకరు అంతకుముందే ఆర్‌సీసీబీ పెట్టించుకున్నారు. లీకైతే క్షణంలో కరెంటు తెంపే పరికరం. అయినా వాళ్లింట్లో కూడా షాక్ కొడుతోంది, అది పడిపోవట్లేదు. పరికరం డూప్లికేట్ ఏమోనని వాళ్ల అనుమానం. అది బాగానే ఉంది. ఆర్‌సీసీబీ చూసేది ఒకటే, మన ఇంట్లోకి ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే తెంపేస్తుంది. పక్కింటి నుంచి ఎర్త్ వైరు మీదుగా వచ్చే కరెంటు దాని లెక్కలోకే రాదు. తెంపినా ఎర్త్ వైరు తెగదు. లీకవుతున్న ఇంట్లో ఆర్‌సీసీబీ ఉండి ఉంటే వాళ్ల దగ్గరే తెగిపోయేది, మా దాకా వచ్చేది కాదు. అందుకే అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఇల్లు పెట్టుకుంటే చాలదు.

ఇంకా ఘోరం, నాలుగో అంతస్తులో ఒక ఫ్లాట్‌లో గీజర్ సాకెట్ విప్పితే ఎర్త్ వైరు కత్తిరించి టేపు చుట్టి ఉంది. ఎవరో పని చేసినాయన "ఇది తీసేస్తే షాక్ రాదు" అని తీసేశాడట. నిజంగానే రాలేదు. పక్కిళ్ల కరెంటు రావడం ఆగింది. కానీ ఆ ఇంటి ఎలిమెంటే పగిలిన రోజున కరెంటుకి భూమిలోకి దారి అంటూ ఉండదు. స్నానం చేసే మనిషే దారి. దయచేసి ఎవరైనా ఎర్త్ వైరు కట్ చేద్దామంటే వాళ్లని ఇంట్లోంచి పంపించేయండి.

కొత్త గుంతలు రెండు తవ్వించాం. హైదరాబాద్ నేల సంగతి తెలిసిందే, మూడడుగులకే రాయి. ఒక చోట వదిలేసి కాంపౌండ్ గోడ మూల చెట్టు దగ్గరికి మార్చాల్సి వచ్చింది. రెండున్నర మీటర్లకు తగ్గని జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. పైన గరాటు, దాని మీద సిమెంటు మూత. అక్కడి నుంచి మీటర్ల గదికి తీగ కాకుండా జీఐ పట్టీ లాగారు, పాతది తీసేశారు. ఎర్త్ టెస్టర్ తెచ్చి కొలిస్తే రెండున్నర ఓమ్‌లు వచ్చింది. ఐదు లోపు ఉంటే మంచిదేనట. ఖర్చు పన్నెండు ఇళ్లకీ సమానంగా పంచుకున్నాం. ఆ పిల్లల ఫ్లాట్ ఓనర్, అమెరికాలో ఉంటారు, మొదట "నా ఫ్లాట్ ఎలిమెంట్ డబ్బులు ఇస్తాను, గుంతతో నాకేం పని" అన్నారు. ఆయనకి రాత్రి అయ్యేదాకా ఆగి వీడియో కాల్ చేసి, విరిగిన తీగ, చీలిన ఎలిమెంట్ రెండూ చూపించాను. ఆ ఇంట్లో ఉంటున్నది మన పిల్లల ఈడు పిల్లలు అని కూడా చెప్పాను. మర్నాడే డబ్బులు పంపారు, ఆర్‌సీసీబీకి కూడా కలిపి.

ఇక మా గీజర్ సంగతి. దోషం దానిది కాదని తేలినా, విప్పి చూడమన్నాను. నీళ్లన్నీ దింపి, అడుగున ప్లేటు బోల్టులు విప్పితే లోపలి నుంచి గులకరాళ్లలాంటి ఉప్పు పెచ్చులు అరబకెట్ దాకా రాలాయి. ఎలిమెంట్ మీద వేలు మందం పొర ఉంది కానీ కొలత బాగుంది, పగల్లేదు. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడానికి పెట్టే మెగ్నీషియం రాడ్ ఒకటుంటుంది. అది పూర్తిగా అరిగి మధ్యలో ఇనుప చువ్వ మాత్రం మిగిలింది. యాసిడ్ పోసి కడిగేసే వాళ్లున్నారు, కానీ యాసిడ్ ట్యాంకు లోపలి పూతనీ కీళ్లనీ తినేస్తుందని అన్న ఒప్పుకోలేదు. ఎలిమెంట్‌ని వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టారు. పొంగి పొంగి పెచ్చులు వాటంతట అవే ఊడాయి. కొత్త రాడ్, కొత్త గ్యాస్కెట్ వేశారు. కొత్త గీజర్ ధరలో పదో వంతు కూడా కాలేదు. వీక్ అయిందన్న ట్యాంకులో చుక్క లీకు లేదు.

అసలు భయపడాల్సింది మా సాకెట్‌ని చూసి. రెండు వేల వాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మా బాత్‌రూమ్‌కి వచ్చింది సన్నటి అల్యూమినియం వైరు. ప్లగ్ పిన్ను నల్లగా మాడి, సాకెట్ వెనక ప్లాస్టిక్ కరిగి ఉంది. దాన్ని తీసేసి బోర్డు నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ (లోడు మించితే కరెంటు తెంపే స్విచ్), ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. పాత పైపుల్లో కొత్త వైరు దూరక ఒక చోట గోడ పగలగొట్టాల్సి వచ్చింది. అత్తయ్యకి అది నచ్చలేదు, పూజ గది గోడ. ఆవిడకి సర్దిచెప్పే పని మావారు చూసుకున్నారు.

పై అంతస్తులో ఒక పెద్దావిడ ఇంట్లో అన్న ఊరికే చూసి వద్దామని వెళ్లి గీజర్ వెంటనే ఆపించారు. చల్లనీళ్ల పైపు దగ్గర ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని ఎవరో దాన్ని ఎం-సీల్‌తో మూసేశారు. గీజర్ నడిచేటప్పుడు ఆ చుక్కలు పడాలి. పదిహేను లీటర్ల నీళ్లు గది వేడి నుంచి 60 డిగ్రీలకు కాగితే దాదాపు పావు లీటరు దాకా ఉబ్బుతాయి. వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉన్నప్పుడు ఆ ఉబ్బిన నీటికి ఉన్న దారి అదొక్కటే. అది మూసి, పైగా థర్మోస్టాట్ కూడా ఇరుక్కుపోతే ట్యాంకు పేలిపోవచ్చు. కొత్త వాల్వ్ పెట్టి, చుక్కలు బకెట్‌లో పడేలా సన్నటి గొట్టం తగిలించారు. ఆ వెనక్కి పోనివ్వని వాల్వ్ పాత బిల్డింగ్‌లలో తప్పనిసరి. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన రోజున కింది ఇళ్లవాళ్లు నల్లా తిప్పితే పై ఇళ్ల గీజర్లలో నీళ్లు వెనక్కి దిగిపోతాయి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ వేస్తే అక్కడికక్కడే కాలిపోతుంది. మూడో అంతస్తులో ఆ పిల్లల గీజర్‌కి ఈ వాల్వ్ లేదు. ట్యాంకు కడిగే రోజున గీజర్లు ఆపమని ఇప్పుడు వాచ్‌మన్ ముందు రోజే ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు.

పని అంతా అయ్యాక అన్న మళ్లీ పొద్దున్నే వచ్చి, అందరి గీజర్లు నడుస్తుండగా మా సాకెట్‌లో కొలిచారు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు వోల్టులు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 229. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. ఆ బటన్ నెలకోసారి నొక్కి చూడమన్నారు. అది వదిలేస్తే లోపల బిగుసుకుపోయే ప్రమాదం ఉందట. నేను ఒకటో తారీఖున నొక్కుతున్నాను.

ఇప్పటికి పన్నెండు ఇళ్లలో తొమ్మిదింటికి ఆర్‌సీసీబీలు వచ్చాయి. మిగిలిన మూడు ఇళ్లలో ఒకటి తాళం వేసి ఉంది, రెండు ఇళ్లవాళ్లు చూద్దాం అంటున్నారు. అసోసియేషన్ తరఫున కొని పెట్టించి, మెయింటెనెన్స్ బిల్లులో నెలకింత అని వసూలు చేద్దామని వచ్చే మీటింగ్‌లో అడగబోతున్నాను. సెక్రటరీ గారు ఈసారి నా పక్కనే ఉన్నారు.